మెత్తబడే వేళ

గాల్లో తేమ ఎంతుందో
టీవీవాడు చెప్పక ముందే
ఉప్పు జాడీ చెప్పేసింది,
చెంచా గుచ్చితే పెళ్ళగా లేచి.
ఇలాంటి రోజున బిస్కత్తులు కాల్చేవాడికి
పిచ్చయినా పట్టి ఉండాలి,
వారానికి సెలవు ఒక్కటే అయినా అయి ఉండాలి.
నాది రెండో జబ్బు.
పోర్టులో క్రేను నడుపుతాను.

కంచరపాలెం మెట్ట మీద మా రెండు గదుల్లో
ఓవెన్ లేదు.
పెళ్ళినాటి డేగిసా ఉంది.
దాని అడుగున, జాలారిపేట ఒడ్డు నుంచి
సంచిలో మోసుకొచ్చిన ఇసక.
ఏడు నీళ్ళలో కడిగాను.
ఏడో నీటిలో కూడా గోరంత గవ్వ ఒకటి
నన్నే చూస్తూ మిగిలింది.
స్టవ్వు మీద అరగంట వేడెక్కితే
ఇల్లంతా మధ్యాహ్నపు ఒడ్డు వాసన,
చేపలన్నీ ఎత్తేశాక, పడవల కింద కుక్కలు పడుకున్నాక వచ్చేది.

ఈ కొలత ఐరీన్ గారిది.
లోకో షెడ్డు వెనక పాత క్వార్టర్సులో ఉండేవారు,
గార్డు గారి భార్య.
కాగితం మీద రాయలేదు, నా అరచేతిలో పోసి చూపించారు:
మైదా ఇంత, వెన్న ఇంత, చల్లటి చేత్తో కలుపు,
చెయ్యి వేడెక్కితే కుళాయి కింద పెట్టు.
ఆవిడ వేసే ఆకుల పేర్లకి నా నోరు తిరగలేదు.
సీమ ఆకులు, సీసాల్లో ఎండి వచ్చేవి.
"నీ మేడ మీద ఏముందో అది వెయ్యి నాయనా,
పిండికి ఊళ్ళ పేర్లు తెలియవు" అన్నారు.

నా మేడ మీద, రంగు డబ్బాలో, వాము మొక్క.
దూడ చెవిలా మందంగా, నూగుగా ఉంటుంది ఆకు.
ఆ నూగులో పోర్టు బొగ్గుపొడి దాక్కుంటుంది,
నా చొక్కా కాలరులో దాక్కున్నట్టే.
ఒక్కో ఆకునీ బొటనవేలితో రుద్ది కడిగాను,
సన్నగా తరిగి నీరు పిండాను,
లేకపోతే పిండి పచ్చగా ఏడుస్తుంది.
నాలుగు రెబ్బల కరివేపాకు వేయించి నలిపాను.
మిరియాలు కచ్చాపచ్చాగా.

గుమ్మంలో కాళ్ళు చాపుకుని మా అత్త సన్యాసమ్మ:
"ఏటల్లుడూ, జలుబు మందు తెచ్చి
మైదాలో కలిపేత్తన్నావు?
ఎవులికి తుమ్ములొచ్చేయి?"

మొదటి వాయి అడుగు మసి, పైన జ్వరమొహం.
వీధి కుక్క వాసన చూసి, కాసేపు ఆలోచించి, వెళ్ళిపోయింది.
రెండో వాయికి
ఇసక మీద ఇటుక ముక్క, దాని మీద పళ్ళెం,
మూత మీద, ఇస్త్రీ బండి గురువులు ఇచ్చిన నాలుగు నిప్పులు.
క్రేను క్యాబిన్లో నేర్చినదొకటి పనికొచ్చింది:
కింద ఏం జరుగుతోందో కనిపించకపోయినా
చెయ్యి కంగారు పడకూడదు.

ముందు వాసన మెట్లు దిగింది.
తర్వాత కింది వాటా పిల్లలు మెట్లెక్కారు.
విరిస్తే చప్పుడు.
పెద్దదేం కాదు, ఎండు పుల్ల మీద కాకి వాలినంత.
వరాలు రెండు తిని, మూడోది చేతిలో పెట్టుకుని,
బాగుందని అనకుండా ఉప్పు సంగతి మాట్లాడింది.
అత్తకి పళ్ళెం పట్టాను.
"అక్కడెట్టు" అంది. ముట్టుకోలేదు.
నా మొహం చిన్నబోయింది,
దాచుకోవడం చేతకాలేదు.

మూడింటికి గాలి తిరిగింది.
డాల్ఫిన్ కొండ మీదుగా తడిగుడ్డలా వచ్చి
పళ్ళెం మీద పడింది.
నేను డబ్బా వెతికేలోగా, దాని మూత వెతికేలోగా
బిస్కత్తులు విరగడం మానేసి
వంగడం మొదలెట్టాయి.
పొద్దున్నుంచి పడ్డ పాటంతా
ఈ ఊరి గాలికి ఒక్క గుక్క.

దీపాలు పెట్టే వేళ
సన్యాసమ్మ పళ్ళెం దగ్గరికి జరిగింది.
ఇడ్లీ ఉడికిందో లేదో చూసినట్టు
ఒకదాన్ని వేలితో నొక్కింది.
"ఇప్పుడయ్యేయి" అంది.
దవడ పళ్ళు లేని ఆ నోట్లో
వాము ఆకు చాలాసేపు తిరిగింది.
ఒక చోట ఆగింది.
నాలుక చివరి నుంచి తెల్లటి పలుకొకటి తీసి,
దీపానికి పట్టి చూసి,
కొంగుకి తుడిచింది.
"సముద్రం నిన్ను వొగ్గనేదల్లుడూ" అంటూ
ఇంకోటి అందుకుంది.

మిగిలిన నాలుగూ బియ్యం డబ్బాలో పూడ్చాను.
పొద్దున షిఫ్టుకి
ఏమైనా గట్టిపడతాయేమో చూడాలి.